ఉత్తుత్తి నోటిఫికేషన్ వద్దు, శిలాఫలకానికి పుట్టినరోజు చెయ్యండి

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ. జమ్మలమడుగు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ అని చెప్పి వచ్చినోళ్లంతా టెంకాయ కొట్టి పోతున్నారు, ధర్నాకు పిలిస్తే పదిమంది కూడా రావడం లేదు, కాబట్టి నువ్వూ నీ డిగ్రీ కాలేజీ స్నేహితులూ కలిసి అచ్చం ప్రభుత్వమే ఇచ్చినట్టు ఒక ఉద్యోగాల నోటిఫికేషన్ తయారు చేసి, కింద పెద్దాఫీసరు సంతకం గీకి, వాట్సాప్ గ్రూపుల్లో వదిలి, మర్నాడు "ఇదీ ఉత్తుత్తిదే, ఫ్యాక్టరీ లాగే" అని బయటపెడదామనుకుంటున్నారు. చెయ్యొచ్చా, కేసవుతుందా, ఇట్లాంటి వాటితో అసలేమైనా ఒరుగుతుందా అని మూడు ప్రశ్నలు.

చెయ్యొద్దు. కేసు అయ్యే పనే, దాని సంగతి కింద రాస్తాను. ఒరుగుతుందా అంటే మాత్రం ఒరుగుతుంది. పది ధర్నాలకు కదలనిది ఒక్కోసారి ఒక్క వెటకారానికి కదులుతుంది. కడప, అనంతపురం జిల్లాల్లో వీధి నాటకాలు వేస్తూ, మైకు పర్మిషన్ కోసం పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతూ ఈ పనుల్లోనే నా జుట్టు నెరిసింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. కానీ నీ ప్లాన్‌లో బకరా అయ్యేది ప్రభుత్వం కాదు, మన ఊళ్లో ఉద్యోగం లేని పిల్లోడు.

ఆ మెసేజ్ వెనకాలే రోంత దూరం పోయి చూడు. రాత్రి ఎనిమిదింటికి వదిలావనుకో, పదింటికల్లా ఎర్రగుంట్ల, ముద్దనూరు, ప్రొద్దుటూరు గ్రూపుల్లో ఉంటుంది. పొద్దున్నే ఎవడో ఐటీఐ చదివిన పిల్లోడు సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుని నెట్ సెంటర్ ముందు నిలబడతాడు. "లోపల మనోడున్నాడు, మాట్లాడతా" అనే బ్రోకర్ మన ప్రాంతంలో యాడైనా దొరుకుతాడు, వాడికి నీ కాగితం పెట్టుబడి లేని వ్యాపారం. నువ్వు మర్నాడు పెట్టే "ఇది వ్యంగ్యం" అనే మెసేజ్ మొదటి మెసేజ్ పోయిన చోటికల్లా పోదు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ ఒంటరిగా తిరుగుతుంది, దాని వెనక ఉన్న జోకు దానితో రాదు. నవ్వు అదే బొమ్మలో, చూసిన క్షణంలోనే కనిపించకపోతే అది వ్యంగ్యం కాదు, పుకారు.

ఈ తరహా పనుల్లో ప్రపంచమంతా చెప్పుకునేది మన దేశానికి సంబంధించిందే. భోపాల్ విషవాయువు ఘటనకు ఇరవై ఏళ్లు నిండిన రోజు, 2004 డిసెంబర్ 3న, బీబీసీ వరల్డ్‌లో, ఆ ఫ్యాక్టరీ తాలూకు యూనియన్ కార్బైడ్‌ను తర్వాత కొన్న డౌ కెమికల్ కంపెనీ ప్రతినిధినంటూ ఒకాయన కూర్చుని, యూనియన్ కార్బైడ్‌ను అమ్మేసి ఆ 1,200 కోట్ల డాలర్లతో బాధితులకు పరిహారం ఇస్తాం, ఆ స్థలం శుభ్రం చేయిస్తాం అని ప్రకటించాడు. ఆయన డౌ మనిషి కాదు, 'ది యెస్ మెన్' అనే అమెరికన్ జట్టులో ఒకడు. వీళ్లు డౌ పేరుతో ముందే ఒక ఉత్తుత్తి వెబ్‌సైట్ పెట్టి ఉంచారు, బీబీసీ వాళ్లు అదే అసలుదనుకుని ఇంటర్వ్యూకు పిలిచారు. మోసం బయటపడేలోపు జర్మనీ మార్కెట్లో డౌ షేరు పడింది, కంపెనీ విలువలో దాదాపు 200 కోట్ల డాలర్లు కాసేపు ఆవిరయ్యాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆ తర్వాతది. "అది అబద్ధం, మేమట్లాంటిదేమీ చెయ్యడం లేదు" అని డౌ తన నోటితో తానే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఎత్తు గొప్పదే, కాదనను. కానీ భోపాల్‌లో ఆ రెండు గంటలు నిజమని నమ్మిన జనం ఉన్నారు. తర్వాత ఆ జట్టు భోపాల్‌కే వెళ్లి అడిగితే, బాధపడ్డాం గానీ మా గోడు ప్రపంచానికి మళ్లీ తెలిసింది కాబట్టి సరేలే అన్నవాళ్లూ ఉన్నారు. ఆ 'సరేలే' అనే హక్కు వాళ్లది, మనది కాదు. పైగా అక్కడ ఎదురుగా ఉన్నది పరువూ షేరు ధరా ఉన్న కంపెనీ, దానికి ఖండించక తప్పలేదు. నీ నోటిఫికేషన్‌ను ప్రభుత్వం ఖండిస్తే దానికి నష్టమేముంది? "యువతను తప్పుదోవ పట్టించిన ఆకతాయిలు" అని జిల్లా పేజీలో హెడ్డింగు వస్తుంది, అంతే. నువ్వు అడగాలనుకున్న ప్రశ్న ఆ హెడ్డింగు కింద సమాధి.

వెటకారంతో రాజ్యాన్ని కదిలించడం మనకు ఎవరో పడమటి దేశాల వాళ్లు నేర్పాల్సిన విద్యేం కాదు, మీ జిల్లాలోనే దాని పాత లెక్క ఉంది. సిద్ధవటం ప్రాంతాన్ని సమ్మెట గురవరాజు ఏలుతున్న కాలంలో, డబ్బు కోసం ఆడవాళ్లను చిత్రహింసలు పెట్టేవాడట. అటుగా వచ్చిన కూచిపూడి భాగవతులు ఇది చూసి, గమ్మున విజయనగరం పోయి వీరనరసింహరాయల ముందు ఆట కట్టారు. ఒకడు గురవరాజు వేషం, ఇంకొకడు ఆడవేషం, ఆ హింస ఎట్లుంటుందో సభలో చూపించారు. ఫిర్యాదు లేదు, అర్జీ లేదు. రాయలు విషయం గ్రహించి సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి చంపించాడని మాచుపల్లె కైఫీయతు, అంటే ఆ ఊరి పాత చరిత్ర రాత, చెబుతుంది. 1505 నుంచి 1509 దాకా ఏలిన రాజు ఆయన, అంటే ఐదు వందల ఏళ్ల కిందటి మాట. ఆ భాగవతులు చేసిన తెలివైన పని గమనించు. గురవరాజు చేత బాధపడినవాళ్లను వాళ్లు మళ్లీ బాధపెట్టలేదు, వేషం తామే వేసుకున్నారు. ఆట ఎవరి ముందు ఆడితే పని అవుతుందో అక్కడే ఆడారు. సిద్ధవటం వీధిలో ఆడుంటే ఏమయ్యేదో ఊహించుకో.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఉన్నారు చూడు, రామాయణం నడుస్తుండగానే మధ్యలో దూరి ఊళ్లో సంగతులు కెలుకుతారు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. బుర్రకథలో అయితే కథకుడి పక్కన వంత పాడే ఇద్దరిలో ఒకడికి హాస్యం, ఇంకొకడికి రాజకీయం అని పని పంచే పెట్టారు. కథ చెప్పేవాడు గంభీరంగా ఉంటాడు, పక్కవాడు అడ్డదిడ్డం ప్రశ్న వేస్తాడు, జనం నవ్వుతారు, ఆ నవ్వులో రెవెన్యూ ఆఫీసరు పేరు లేకపోయినా ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. ఈ పేరెత్తకుండా అనడం అనేది నేర్చుకోదగ్గ పని, కోర్టు పరంగా కూడా.

మనవాళ్ల నిరసనల్లోనూ వెటకారం తక్కువేం కాదు. దున్నపోతుకు వినతిపత్రం, చెవిలో పువ్వులు, రోడ్డు గుంతలో వరినాట్లు, జీవోకు పాడె కట్టి శవయాత్ర, జోలె పట్టుకుని భిక్షాటన. అన్నీ మొదట ఎవరో బుర్ర పెట్టి కనిపెట్టినవే. కానీ ఇప్పుడవి అరిగిపోయాయి. గుంతలో నాట్లు ఆదోనిలో వేసినా కదిరిలో వేసినా ఒకటే ఫోటో, విలేఖరి కూడా బండి దిగకుండానే తీసుకుని పోతాడు. ఆ రోడ్డు ఏది, ఎవరు వేశారు, బిల్లు ఎంత ఎత్తారు అనేది ఫోటోలో లేదు, కాబట్టి ఏ ఇంజినీరుకూ ఫోన్ రాదు. ఎవరికీ ఇరకాటం లేని వెటకారం పండగ వేషం లాంటిది, చూసి నవ్వి పంపిస్తారు.

ఇరకాటం అంటే ఏందో సెర్బియా పిల్లలు చూపించారు. 1998లో మొదలైన 'ఓట్‌పోర్' అనే విద్యార్థి ఉద్యమం వాళ్లు బెల్‌గ్రేడ్‌లో జనం తిరిగే వీధిలో ఒక పెద్ద పీపా పెట్టి, దాని మీద అప్పటి పాలకుడు మిలోసెవిచ్ మొహం అతికించి, ఒక కర్ర పక్కన పెట్టి, చిల్లర వేస్తే ఒక దెబ్బ కొట్టొచ్చని రాసి, తాము మాయమయ్యారు. షాపింగ్‌కు వచ్చినవాళ్లు క్యూ కట్టి కొట్టడం మొదలుపెట్టారు. పోలీసులు వచ్చారు. ఎవరిని పట్టుకోవాలి? పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన అమ్మానాన్నల్నా? వదిలేస్తే ఊరంతా కొడతారు, పట్టుకుంటే ఊరంతా తిడతారు. చివరికి పీపానే అరెస్టు చేసి బండిలో వేసుకుని పోయారు, ఆ ఫోటో చూసి దేశమంతా నవ్వింది. సైబీరియాలో బర్నవుల్ అనే ఊళ్లో 2012లో ఇంకో తమాషా జరిగింది. మనుషుల ప్రదర్శనకు అనుమతి ఇవ్వడం లేదని బొమ్మల చేతికి చిన్న చిన్న ప్లకార్డులు ఇచ్చి మంచులో నిలబెట్టారు. మళ్లీ పెడతాం, అనుమతివ్వండి అని అర్జీ పెడితే, బొమ్మలు రష్యా పౌరులు కావు కాబట్టి కుదరదని అధికారులు జవాబిచ్చారు. జోకు చివరి ముక్క ప్రభుత్వమే రాసిపెట్టిందన్నమాట.

చేసినా తప్పే, చెయ్యకపోయినా తప్పే అని అవతలివాడు అడకత్తెరలో పోకచెక్క అయ్యేట్టు చూడాలి. మిగతాదంతా అలంకారం.

మనదగ్గర జరిగిన చిన్న సంగతి ఒకటి చెబుతా, ఎందుకంటే బెల్‌గ్రేడ్ కథలు విని మనవల్ల యాడవుతుందిలే అనుకుంటావు. అనంతపురంలో ఒక కాలనీ. మురుగు కాలువ మీద బండ విరిగి నెలల తరబడి నోరు తెరుచుకునే ఉంది, ఒక పెద్దాయన రాత్రిపూట అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చారు. కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. కాలువ మాత్రం అట్లే ఉంది. కాలనీ కుర్రాళ్లు ఆఫీసు ముందు బైఠాయిద్దాం అన్నారు, దిష్టిబొమ్మ కాలుద్దాం అన్నారు. అక్కడ అంగన్‌వాడీలో పనిచేసే ఒకావిడ మాత్రం, "పరిష్కరించామని వాళ్లు అంత మర్యాదగా చెబితే మనం తిట్టడమేంది, సన్మానం చేద్దాం పదండి" అంది.

ఆ మెసేజ్‌నే పెద్దగా ఫ్లెక్సీ కొట్టించి కాలువ పక్కన కట్టారు, కింద "ధన్యవాదములతో, కాలనీ వాసులు". ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని, శాలువా, పూలదండ, పళ్లెంలో పళ్లు పెట్టుకుని, ఒక నాదస్వరం ఆయన్ను కూడా మాట్లాడుకుని ఆఫీసుకు నడిచిపోయారు. నినాదం లేదు, ప్లకార్డు లేదు. ఆ అధికారి బయటికొచ్చి "ఇవన్నీ ఎందుకమ్మా" అన్నాడు మొహమాటంగా, ఇంకా విషయం అర్థం కాలేదు ఆయనకు. "మా కాలువ బాగు చేశామని మీరే మెసేజ్ పెట్టారు గదా సార్, ఆ కాలువ దగ్గరే మీకు శాలువా కప్పాలని మా కోరిక, పిల్లలంతా ఎదురుచూస్తున్నారు, రండి" అంది ఆవిడ. వెనక నాదస్వరం. ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్న జనం. శాలువా తీసుకుంటే కాలువ దగ్గరికి పోవాలి, వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. కక్కలేక మింగలేక ఆయన పడ్డ అవస్థ ఆ వీడియోలో ఉంది, ఆయన మొహం కంటే పక్కనున్న అటెండరు నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్న ముక్కే ఎక్కువ తిరిగింది. మర్నాడు కొత్త బండ వచ్చింది. సరిగ్గా కూర్చోబెట్టలేదు, బండి పోతే టకటకమనేది, దానికి మళ్లీ ఒకసారి తిరగాల్సి వచ్చింది, అది వేరే కథ.

ఎవరినీ ఒక్క తిట్టు తిట్టలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు. ప్రభుత్వం రాసిన వాక్యాన్నే నిజమని నమ్మినట్టు నటించారు. నీ ఉత్తుత్తి నోటిఫికేషన్‌కూ దీనికీ తేడా అదే. అబద్ధం నువ్వు కొత్తగా తయారు చెయ్యక్కర్లేదు, వాళ్ల దగ్గర ఉన్నది తీసి పళ్లెంలో పెట్టి చూపిస్తే చాలు.

బెంగళూరు కళాకారుడు బాదల్ నంజుండస్వామి పని కూడా ఈ కోవలోదే. 2015లో రోడ్డు మీద నీళ్లు నిలిచిన పెద్ద గుంతలో మొసలి బొమ్మ పెట్టాడు, కార్పొరేషన్ వాళ్లు పరుగున వచ్చి పూడ్చారు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 హడావుడి నడుస్తుండగా వ్యోమగామి దుస్తుల్లో ఒక నటుడు గుంతల రోడ్డు మీద తేలుతున్నట్టు నడిచే వీడియో తీశాడు, మొదట చంద్రుడి మీదేమో అనిపిస్తుంది, ఇంతలో పక్కనుంచి ఆటో పోతుంది. చూశావా, జోకు విడిగా వివరించక్కర్లేదు, ఆటో వచ్చిన క్షణంలో అదే బొమ్మలో తెలిసిపోతుంది. ఎవరూ మోసపోయి నష్టపోలేదు, మోసపోయిన ఆ రెండు మూడు క్షణాలే దాని అందం.

తమిళనాడులో ఫిఫ్త్ పిల్లర్ అనే సంస్థ 2007లో మొదలుపెట్టిన సున్నా రూపాయి నోటు ఇంకో రకం. మొదటి ఆలోచన అమెరికాలో ఉన్న ఒక భారతీయ ఫిజిక్స్ ప్రొఫెసరుది. లంచం అడిగినవాడి చేతిలో మర్యాదగా ఈ సున్నా నోటు పెట్టాలి. తెలుగులోనూ అచ్చు వేశారు. అడిగినవాడికి ఈ మనిషి ఒంటరి కాదు, వెనక ఎవరో ఉన్నారు అనే అనుమానం పుడుతుంది, ఇచ్చినవాడికి "ఇవ్వను" అని నోటితో అనే ధైర్యం లేకపోయినా కాగితం ఆ మాట అంటుంది. గొడవ పడలేని మనిషి చేతికి ఆయుధం అందడం నాకు దీంట్లో నచ్చేది. నీ గ్రూపులో వేదికెక్కి అరవలేని పిల్లలుంటారు, వాళ్లకు పని దొరికే ప్లాన్ ఎప్పుడూ మంచిది.

ఇక మీ ఉక్కు సంగతి. నీ చేతిలో బంగారం లాంటి సరుకు పెట్టుకుని అబద్ధపు కాగితం తయారు చేస్తాననడం నాకు విడ్డూరంగా ఉంది. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో బ్రహ్మణీ స్టీల్స్‌కు శంకుస్థాపన. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని రాశారు. 2018 డిసెంబర్ 27న చంద్రబాబు కంబాలదిన్నె దగ్గర శంకుస్థాపన. 2019 డిసెంబర్ 23న జగన్ సున్నపురాళ్లపల్లె దగ్గర శంకుస్థాపన. 2023 ఫిబ్రవరి 15న మళ్లీ జగనే, ఈసారి పక్కన ఉక్కు కంపెనీ యజమాని జిందాల్, 8,800 కోట్ల ప్రాజెక్టుకు భూమిపూజ. వ్యంగ్యం రాయాల్సిన పనేముంది, తేదీలు వరసగా చదివితే చాలు.

డిసెంబర్ 23, డిసెంబర్ 27. నాలుగు రోజుల తేడాతో రెండు పార్టీల రాళ్లకూ పుట్టినరోజులు. ఆ వారం మీదే. కార్డు కొట్టించండి, మా ఇంటి శిలాఫలకం జన్మదిన వేడుకలకు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన అని, పెళ్లి కార్డు భాషలోనే. కేకు, టోపీలు, బుడగలు, ఎన్నేళ్లు నిండాయో ఆ అంకె కొవ్వొత్తి. పక్కనే "బాబుకు నడక ఎప్పుడొస్తుంది డాక్టర్" అని అడిగే ఒక చిన్న స్కిట్టు, పదినిమిషాలు దాటకుండా. అన్ని పార్టీల స్థానిక నాయకులకూ కార్డు స్వయంగా ఇచ్చి రండి, ఇస్తున్న ఫోటో తీసుకోండి. వస్తే కేకు ముందు నిలబడి ఏదో ఒకటి చెప్పాలి, రాకపోతే సొంత బిడ్డ పుట్టినరోజుకు రాలేదంటారు. పోలీసులు కేకు పట్టుకుపోతే అది మీ అదృష్టం.

ఒక జాగ్రత్త. అసలు రాయి దగ్గరికి పోయేముందు ఆ స్థలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, లోపలికి పోవచ్చో లేదో కనుక్కో. కంపెనీ స్థలంలో దూరితే చర్చ అంతా చొరబాటు మీదికి పోతుంది. థర్మోకోల్‌తో రాయి చేయించి జమ్మలమడుగులో నలుగురు తిరిగే చోట పెట్టడమే నయం. అక్కడ ప్రస్తుతం పనులు ఏ దశలో ఉన్నాయో కూడా ఆ వారంలోనే వెళ్లి కళ్లతో చూసి రా. పునాది గోడ లేచి ఉండగా నువ్వు "ఇటుక కూడా లేదు" అన్నావంటే నీ జోకు నీకే తిరిగి తగులుతుంది.

జర్మనీలో వున్సీడెల్ అనే ఊరివాళ్లు 2014లో చేసిన పని కూడా వాడుకోవచ్చు. ఏటా ఊరేగింపు తీసే నాజీ అభిమానులను ఆపలేక, వాళ్లు నడిచే ప్రతి మీటరుకూ పది యూరోలు నాజీ భావాల నుంచి జనాన్ని బయటికి తెచ్చే సంస్థకే విరాళం అని ప్రకటించి, దారి పొడవునా ప్రోత్సాహకరంగా బోర్డులు పెట్టారు. పదివేల యూరోలు వసూలయ్యాయి, నడిచినవాళ్లు తమకు వ్యతిరేకంగా తామే చందా వేసినట్టయింది. మీరూ ప్రకటించండి, ఇక మీదట ఎవరు కొత్త శిలాఫలకం వేసినా ఒక్కో రాయికి మా ఊరి లైబ్రరీకి ఇన్ని పుస్తకాలు అని. లైబ్రరీ త్వరలోనే నిండుతుందని నా నమ్మకం.

చట్టం మాట. ఆఫీసరు సంతకం గీకడం, ప్రభుత్వ లెటర్‌హెడ్ తయారు చెయ్యడం భారతీయ న్యాయ సంహిత 336 కింద ఫోర్జరీ దాకా పోతుంది, ఇంకొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేశారని ఐటీ చట్టం 66డి కూడా పెడతారు, భయం పుట్టించే తప్పుడు వార్తయితే న్యాయ సంహితలోనే 353 ఉంది. రాజముద్ర వాడకానికి విడిగా 2005 చట్టమే ఉంది. "తమాషాకు చేశాం సార్" అంటే వీటిలో ఏదీ రద్దు కాదు. గొంతు మార్చి నాయకుడు మాట్లాడినట్టు ఏఐతో ఆడియో చెయ్యడం కూడా ఇదే బాపతు, నవ్వు తెప్పించినా సరే వద్దు. నవ్వు వరకే ఉన్న పనికైతే ఎక్కువ భాగం పరువునష్టం, న్యాయ సంహిత 356, అంటారు. దానికి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టలేరు, అవతలివాళ్లు మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. ప్రజా పదవిలో ఉన్నవాడి ప్రజా వ్యవహారం మీద మంచి ఉద్దేశంతో చెప్పిన అభిప్రాయానికి అందులోనే మినహాయింపు ఉంది. ఇంటి సంగతులకు ఆ మినహాయింపు లేదు.

ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం పాత 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, ఎవరైనా స్టేషన్‌లో ఆ అంకె చెబితే తీర్పు చూపించు. ఒక కవిత మీద పెట్టిన ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న ఇచ్చిన తీర్పులో వ్యంగ్యం కూడా జీవితానికి అర్థాన్నిచ్చే వాటిలో ఒకటని కోర్టే అంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉండే మాటల కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ జరపడం తగినదని కూడా చెప్పింది. అరెస్టు బదులు నోటీసు ఇస్తే, మనవాళ్లు ఇంకా 41ఏ అనే అంటారు, ఇప్పుడది నాగరిక్ సురక్షా సంహిత 35(3), తీసుకుని చెప్పిన రోజున లాయరుతో పో, టెన్షన్ పడి ఫోన్ ఆఫ్ చేసుకుని బెంగళూరు పోవద్దు. కార్యక్రమం ముందు సభలకూ ఊరేగింపులకూ అనుమతి తప్పనిసరి చేసే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందేమో స్టేషన్‌లో కనుక్కుని, మైకుకూ గుంపుకూ రాతపూర్వకంగా అడుగు. తిరస్కరిస్తే ఆ కాగితం జాగ్రత్తగా దాచు, పుట్టినరోజుకు అనుమతి నిరాకరణ అనే కాగితం కేకు కంటే బాగా పనిచేస్తుంది.

మన సీమలో ఇంకో సంగతి ఉంది, అది ఏ సెక్షన్‌లోనూ రాసి ఉండదు. ఒక మనిషిని వెటకారం చేస్తే ఇక్కడ అది ఆ మనిషితో ఆగదు, ఇంటిపేరుకు, ఊరికి, పాత కక్షలకు అంటుకుంటుంది. కులం, శరీరం, నత్తి, ఇంట్లో ఆడవాళ్లు, వీటి జోలికి వెళ్లొద్దు. భయపడి కాదు, అవి వచ్చిన క్షణంలో ఉక్కు ఫ్యాక్టరీ సంగతి ఎవరికీ గుర్తుండదు. రాయిని వెక్కిరించు, రాయికి కులం లేదు. ఇంకోటి, నువ్వు ఒక పార్టీ రాయికే పుట్టినరోజు చేస్తే అవతలి పార్టీ వాళ్ల వాట్సాప్ సైన్యం నీ వీడియోను ఎత్తుకుని పోతుంది, పొద్దున లేచేసరికి నువ్వు వాళ్ల మనిషివైపోతావు. రెండు రాళ్లకూ కలిపి చెయ్యమనడం అందుకే.

అన్నిటికీ వెటకారం పనికిరాదు కూడా. 2017లో తమిళనాడు రైతులు అయ్యాకన్ను ఆధ్వర్యంలో ఢిల్లీ జంతర్ మంతర్‌లో పుర్రెలు మెడలో వేసుకున్నారు, నోట్లో ఎలుకలు పెట్టుకున్నారు. చూసినవాళ్లు తొలిరోజు ఉలిక్కిపడ్డారు, తర్వాత ఈరోజు ఏం చేస్తారో అని చూసేవాళ్లు తయారయ్యారు, రోజు రోజుకూ ఇంకా ఘోరమైనది చెయ్యాల్సి వచ్చింది. తప్పు రైతులది కాదు, కెమెరాది. కానీ వేరుశనగ ఎండిపోయి అప్పులతో మనిషి పోయిన ఇంటి విషయం మీద ఏదో స్కిట్టు వెయ్యమని అనంతపురంలో నన్ను అడిగినప్పుడల్లా నేను వెయ్యనన్నాను. అక్కడ పాట పాడొచ్చు, లెక్కలు చదవొచ్చు, నవ్వు కుదరదు.

సరే, డిసెంబరుకు టైముంది కాబట్టి ముందు ఆర్టీఐ వెయ్యి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది, జవాబుకు 30 రోజుల గడువు. ఒక్కో శంకుస్థాపన సభకు టెంటుకు, వేదికకు, హెలిప్యాడుకు ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టింది, ప్రాజెక్టుకు ఎన్ని ఎకరాలు తీసుకున్నారు, అందులో ఈరోజుకు ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారు. ఈ మూడే అడుగు, పొడుగ్గా రాస్తే తప్పించుకుంటారు. వచ్చిన అంకెలే కేకు మీద క్రీముతో రాయించు. కేకు ఎగ్‌లెస్ చెప్పు తమ్ముడూ, భూములిచ్చిన ఊళ్ల పెద్దవాళ్లు కూడా ఒక ముక్క నోట్లో వేసుకోవాలి గదా, జిల్లా పేజీలో పడాల్సిన ఫోటో వాళ్లదే.